ఇకనైనా సరిగ్గా చూడండి

ఆదివారం పొద్దున్న కాఫీ కప్పు కింద పెట్టేసరికి కళ్ళద్దాలాయన ఆ రోజు పనంతా మనసులోనే పూర్తి చేసేశాడు. భోజనాల వేళకు లాన్ కింద ఎక్కడో పూడిపోయిన వాల్వు బాక్సు దొరుకుతుంది. దొరికాక బాగు చేయించడం ఎంతసేపు? ఒక కునుకు తీసి, సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని, తమ్ముడి వాకిలి వైపు నీళ్ళు జల్లుగా చిమ్ముతుంటే చూస్తూ కూర్చోవచ్చు. ఇంత తేలిక పనికి ఎవరి సాయమూ అక్కర్లేదనీ, అసలు ఎవరికీ చెప్పనే అక్కర్లేదనీ కూడా ఆయన అప్పుడే తీర్మానించుకున్నాడు. ఆ రోజు జరిగినదంతా ఈ రెండో తీర్మానం చలవే.

ఆయనకు బజారులో కళ్ళద్దాల షాపు ఉంది కనుక వీధిలో అందరికీ ఆయన కళ్ళద్దాలాయన. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఇద్దరూ పక్కపక్కన ఉన్న రెండిళ్ళు ఒకే ఆసామి దగ్గర, ఒకే రోజున కొనుక్కున్నారు. రెండిళ్ళకూ కలిపి ముందు ఒకటే లాన్. మధ్యలో గోడ లేదు, కంచె లేదు, పూలకుండీల వరస కూడా లేదు. చెప్పులు ఒక ఇంటి ముందు విడిచి, కాఫీ రెండో ఇంట్లో తాగి, తిరిగి ఎవరివో చెప్పులు వేసుకుని వెళ్ళడం ఆ రెండు కుటుంబాలకూ అలవాటు.

ఆ పాత ఆసామికి నీళ్ళ గొట్టం పట్టుకుని మొక్కలు తడపడం నామోషీ. లాన్ అంతా గుంటలు తీయించి, లోపల పైపులు వేయించి, స్ప్రింక్లర్లు పెట్టించాడు. స్విచ్ వేస్తే గడ్డిలోంచి అవి తలలెత్తి నీళ్ళు చిమ్ముతాయి. ఆపితే మళ్ళీ గడ్డిలోకి ముడుచుకుంటాయి. అన్న ఇంటి వైపు ఒక వాల్వు, తమ్ముడి ఇంటి వైపు ఒక వాల్వు, రెండూ ఒక ప్లాస్టిక్ బాక్సులో, ఆ బాక్సు నేలలో. నేలలో ఎక్కడ అన్నది మాత్రం ఆసామి చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. స్విచ్ వేస్తే నీళ్ళు వస్తున్నంతకాలం లోపలేముందో ఎవరికి కావాలి? ఏళ్ళు గడిచాయి. బాక్సు మూత మీద మట్టి చేరింది, మట్టి మీద గడ్డి అల్లుకుంది.

ఈమధ్య ఏదో తేడా వచ్చింది. అన్న వైపు నీళ్ళు ఉరుకులు పరుగుల మీద వచ్చి, నడిస్తే చెప్పు దిగబడిపోతోంది. తమ్ముడి వైపు స్ప్రింక్లర్లు మాత్రం క్లాసులో నిద్ర లేపిన పిల్లల్లాగా సగం తల ఎత్తి, నాలుగు చుక్కలు రాల్చి, మళ్ళీ పడుకుంటున్నాయి. అటు గడ్డి పచ్చబడటం మానేసి పసుపుపచ్చబడింది.

ముందురోజు సాయంత్రం మరదలు రెండు వైపులా చూసి నవ్వుతూ అంది: "నీళ్ళకి కూడా పెద్దాచిన్నా తెలుసు బావగారూ."

ఆమె నవ్వులాటకే అంది. ఆయనా నవ్వాడు. కానీ ఆ మాట చేపముల్లులా గొంతులో అడ్డం పడి, ఎన్ని మంచినీళ్ళు తాగినా దిగలేదు. పెద్దవాణ్ణి, నా గడ్డి బురదయ్యేదాకా తాగుతుంటే తమ్ముడి గడ్డి ఎండిపోతోంది, నేను చూస్తూ ఊరుకున్నాను. వాళ్ళకు తెలియకుండానే బాగుచేసి, సాయంత్రానికల్లా జల్లు చూపించాలి. భార్యకు కూడా చెప్పలేదు. ఆవిడకు చెబితే, గోడలేని లాన్ దాటడానికి మాటకు ఎంతసేపు పడుతుంది?

రోజు కూడా కలిసొచ్చింది. ఎక్కడో అపార్టుమెంటులో లిఫ్టు ఆగిపోయిందని తమ్ముడు తెల్లారకుండానే వెళ్ళిపోయాడు. మరదలు పొద్దుటి నడకకు వెళ్ళింది. భార్య కూరగాయలకు బజారు వెళ్ళింది. కళ్ళద్దాలాయన పైపుల షాపు నడిపే స్నేహితుడికి ఫోను చేశాడు.

పైపుల షాపాయన ఇలాంటి వాటిలో ఆరితేరినవాడు. గడ్డి అంతా తవ్వితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టవుతుందనీ, దానికో పద్ధతి ఉందనీ చెప్పాడు. ముందు నీళ్ళు వదలాలి. స్ప్రింక్లర్లు ఎక్కడెక్కడ తలెత్తితే అక్కడల్లా ఒక జెండా గుచ్చాలి. అప్పుడు లోపల పైపు ఎలా పోతోందో పైన గీత గీసినట్టు కనబడుతుంది. ఒక జెండా దగ్గర తవ్వి పైపును దొరకబుచ్చుకుంటే, అదే చెయ్యి పట్టుకుని బాక్సు దాకా తీసుకెళ్తుంది.

జెండాలు ఎక్కడివి? మొక్కలకు ఊతంగా పెట్టే వెదురు పుల్లలు పెరట్లో ఉన్నాయి. గుడ్డకు కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది. షాపులో ప్రతి కళ్ళజోడుతోనూ ఇచ్చే అద్దాలు తుడుచుకునే గుడ్డలు కొత్తగా అచ్చయి కట్టలుగా వచ్చి ఇంట్లోనే ఉన్నాయి. ఎర్రటి గుడ్డ, దాని మీద తెల్లటి అక్షరాలతో ఆయన స్వయంగా రాత్రింబవళ్ళు ఆలోచించి రాసిన నినాదం: 'ఇకనైనా సరిగ్గా చూడండి.' వాటిని ఒక్కో పుల్లకూ ముడేసి, నీళ్ళు వదిలి, తడుస్తూనే పరుగెత్తి, స్ప్రింక్లరు లేచిన చోటల్లా ఒకటి గుచ్చాడు. తలెత్తని వాటి కోసం పొడుగాటి స్క్రూడ్రైవరుతో గడ్డిలో పొడుస్తూ మోకాళ్ళ మీద పాకాడు. కింద ప్లాస్టిక్ తగిలి టక్కుమన్నప్పుడల్లా ఆయనకు కడుపు నిండిపోయింది.

నీళ్ళు కట్టేసి వెనక్కి నిలబడి చూసుకున్నాడు. గేటు దగ్గర మొదలై ఇళ్ళ దాకా, సరిగ్గా లాన్ నడుమ, ఎర్రజెండాల వరస. కాస్త తమ్ముడి వైపుకు ఒంగి, మరదలు పెంచిన నిమ్మచెట్టును ఇటు వదిలేసి పోతోంది. ఆయన టేపు తీసి ఆ చివర నుంచి ఈ చివరకు కొలవడం మొదలుపెట్టాడు.

నడక ముగించుకుని వెనక సందులోంచి ఇంట్లోకి వచ్చిన మరదలు, మేడమీద కిటికీ తెరిచి చూసింది. లాన్‌కు అడ్డంగా ఎర్రజెండాలు. వాటి వెంట టేపు పట్టుకుని బావగారు. నిమ్మచెట్టు ఆ పక్క. ఆమె కళ్ళు చిట్లించి దగ్గరి జెండా మీద ఏం రాసుందో చదివింది. 'ఇకనైనా సరిగ్గా చూడండి.'

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. నీళ్ళమోత ఇంకా చెవుల్లో ఉండి గొంతు పెంచాడేమో, ఆయన మాటలు మేడమీదకు చక్కగా వినిపించాయి.

"గీత బాగా వచ్చిందండీ, సరిగ్గా మధ్యలోంచి. అవునవును, తమ్ముడి వైపు పోయేది ముందు కట్ చేసెయ్యాలి. లేదండీ, వాళ్ళకింకా చెప్పలేదు. అంతా అయిపోయాక చెబితే చాలు."

మరదలు కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయింది. నిన్న తను అన్న ఒక్క మాటకు ఇంత చేస్తారా అనుకుంది. భర్తకు ఫోను చేస్తే కలవలేదు. ఆయన అప్పటికి లిఫ్టు గుంటలో ఉన్నాడు. ఇక ఆమెకు మిగిలింది పుట్టింటి అన్నగారు. అన్నగారు లాయరు. ఆయన వృత్తిలోకి వచ్చిన కొత్తలో స్థలాల తగాదాలు చూసేవాడు, ఇప్పుడు కేసులేవీ రాక స్థలాల తగాదాల గురించి చెబుతుంటాడు. చెల్లెలి ఫోను రాగానే ఆయన గొంతులో ఏళ్ళ కింద పోయిన కళ వచ్చింది. తను వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడవద్దనీ, యథాతథ స్థితిని కాపాడుతూ ఉండమనీ చెప్పి, ఆదివారం పూట కోటు వెతుక్కున్నాడు.

యథాతథ స్థితి అంటే ఎలా ఉన్నదాన్ని అలా ఉంచడం. నిమ్మచెట్టు నిన్నటి దాకా తనది. కనుక అది తన వైపే ఉండాలి. మరదలు అలా అర్థం చేసుకుంది. బావగారు రెండో కాఫీకి లోపలికి వెళ్ళడం చూసి, కిందికి దిగి, జెండాలన్నిటినీ పీకి, ఒక్కొక్క అంగ బావగారి వైపుకు, నిమ్మచెట్టు దాటేలాగా గుచ్చి, మళ్ళీ మేడెక్కింది.

కళ్ళద్దాలాయన పలుగూ తాపీ పట్టుకొచ్చి మొదటి జెండా దగ్గర తవ్వాడు. మట్టి. కొంచెం వెడల్పు చేశాడు. మట్టే. రెండో జెండా దగ్గర తవ్వాడు. అక్కడ ఒక వానపాము ఉంది. పైపుల షాపాయనకు ఫోను చేస్తే, కొంచెం ఇటూ అటూ చూడమన్నాడు. ఇటూ చూశాడు, అటూ చూశాడు. లాన్‌లో పందికొక్కులు కాపురం పెట్టినట్టయింది గానీ పైపు జాడ లేదు. ఇంతకుముందు టక్కుమన్నది కలా నిజమా అని ఆయనకు అనుమానం వచ్చింది. దగ్గరిచూపు అద్దాలు పెట్టి చూశాడు, దూరపుచూపువి పెట్టి చూశాడు. ఊళ్ళో అందరి చూపూ సరిచేసినవాడికి తన ముక్కు కింది నేల కనబడకపోతే షాపుకు ఎవరొస్తారని అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

చివరికి మళ్ళీ నీళ్ళు వదిలాడు. స్ప్రింక్లర్లు లేచాయి, జెండాలకు ఒక్కొక్క అంగ తమ్ముడి వైపున. గాలికి కదిలాయనుకుందామంటే, అన్నీ ఒకే వైపు ఒకే దూరం అడుగులేసుకుంటూ వెళ్ళే గాలి ఎక్కడుంటుంది? తడిలో తన తొందరలో తనే తప్పు గుచ్చి ఉంటానని సరిపెట్టుకుని, అన్నిటినీ పీకి మళ్ళీ మొదటి చోట్లలో గుచ్చాడు.

మేడమీద మరదలు అది చూసింది. చూసీచూడనట్టు పోతారేమోననుకున్న బావగారు పట్టుపట్టి గీతను వెనక్కి జరిపారంటే ఇక సందేహమేముంది? ఆయన మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు. ఆమె కిందికి దిగింది. ఈసారి ఒకటిన్నర అంగ జరిపింది.

ఇంతలో బజారు నుంచి పెద్దావిడ, అంటే కళ్ళద్దాలాయన భార్య, వచ్చింది. సంచి భుజాన ఉండగానే గేటు దగ్గర ఆగిపోయింది. లాన్ నిండా గుంటలు, మధ్యన ఎర్రజెండాలు, మోచేతుల దాకా మట్టితో మొగుడు. ఏమిటిదని అడిగితే, ఏమీ లేదు, చిన్నపని, సాయంత్రం చెబుతాలే అన్నాడు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ మనిషి 'సాయంత్రం చెబుతాలే' అనడం ఆవిడ ఎన్నడూ వినలేదు. అదే సమయానికి తమ్ముడింటి ముందు కారు ఆగి, నల్లకోటుతో లాయరు దిగాడు. ఆయన చేతిలో ఫైళ్ళ పెట్టె, చంకలో చుట్టచుట్టిన పొడవాటి టేపు.

పెద్దావిడ సంచి దించకుండానే తోడికోడలి దగ్గరికి వెళ్ళి, మీ అన్నయ్య వచ్చాడేమిటి, ఒంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగింది.

"మీరేం కంగారు పడకండి అక్కా. అన్నీ తేలనివ్వండి," అంది మరదలు.

కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ 'నువ్వు' అన్న పిల్ల ఇవాళ 'మీరు' అంది. ఆ ఒక్క మాటతో పెద్దావిడకు విషయమంతా తెలిసిపోయింది, అదీ తలకిందులుగా. పంపకాలు కోరుతున్నది అవతలివాళ్ళు. లాయర్ని పిలిపించుకున్నారు. పాపం ఈయన వాళ్ళు చెప్పిన చోట గుంటలు తవ్వుకుంటున్నాడు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళి, మిక్సీ పైన ఉన్న జారు తీసుకుని తిరిగి వచ్చింది. అది మరదలిది, ఎప్పుడో పచ్చడికని తెచ్చుకున్నది. దాన్ని తోడికోడలి చేతికివ్వకుండా, జెండాల వరస మధ్యలో గడ్డి మీద పెట్టి వెళ్ళిపోయింది.

మరదలు ఆ జారును చూసింది. లోపలికి వెళ్ళి, వాళ్ళ ఇస్త్రీ పెట్టె తెచ్చి దాని పక్కన పెట్టింది.

తరవాత నిచ్చెన వచ్చింది. దానికి జవాబుగా రెండు మడతకుర్చీలు వచ్చాయి. గొడుగులు, టార్చిలైటు, దుప్పట్లు, అట్లపెనం, పిల్లల చిన్నప్పటి సైకిలు. ఇరువైపులా ఒక్కమాట లేదు, చెప్పుల చప్పుడు తప్ప. కాసేపటికి లాన్ మధ్య ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ సామాను పోగులా తయారైంది. కొన్ని వస్తువులు ఎవరివో ఇద్దరికీ గుర్తులేదు. అలాంటివి ఒకరు తెచ్చి పెడితే రెండోవారు మాది కాదని అవతలికి నెట్టారు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టు, ఒక హాస్యపు మాట కాస్తా ఇంత దూరం వచ్చింది.

ఇవేమీ పట్టనివాడు కళ్ళద్దాలాయన ఒక్కడే. ఆడవాళ్ళు ఇల్లు సర్దుకుంటున్నారనుకున్నాడు. మళ్ళీ పక్కకు జరిగిపోయిన జెండాల మధ్య కూర్చుని, ఇక ఈ వయసులో కంటి పరీక్ష చేయించుకోవలసిందేనని దిగులు పడుతుండగా, ఎదురుగా నల్లబూట్లు కనిపించాయి.

లాయరు గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, మా చెల్లెలి తరఫున ముందే చెబుతున్నాను. ఒక్క అంగుళం కూడా వదులుకోం."

"అంగుళంతో ఏమవుతుందండీ? కనీసం అడుగున్నరైనా పోతే గానీ లాభం లేదు," అన్నాడు కళ్ళద్దాలాయన, లోతు గురించి.

లాయరు మొహం ఎర్రబడింది. ఈ గీత ఇక్కడే రావాలని ఎవరు చెప్పారని నిలదీశాడు. పైపుల షాపాయన చెప్పాడని ఈయన వినయంగా చెప్పాడు. పైపులమ్ముకునేవాడికి ఆ అధికారం ఎక్కడిదని లాయరు అడిగితే, అలా అనకండి, ఈ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ ఆయనే చూశాడు, ఎక్కడా తప్పు పోలేదన్నాడు. తెర వెనక ఎవరో పెద్ద చెయ్యే ఉందని లాయరుకు రూఢి అయింది.

"మీరు అనవసరంగా ఆవేశపడకండి లాయరుగారూ. ఇవాళ్టికి తమ్ముడి వైపు కట్ చేస్తాం. ఆ తరవాత ఇద్దరికీ సగం సగం, సమానంగా వస్తుంది. ఇన్నాళ్ళూ నాకే ఎక్కువ వచ్చింది, అది నేను ఒప్పుకుంటాను."

లాయరు వెనక్కి తిరిగి, విన్నావా అన్నట్టు చెల్లెలి వైపు చూశాడు. ప్రతివాది నోటంట ఇంత చక్కటి ఒప్పుకోలు ఆయన కోర్టులో ఒక్కసారి కూడా వినలేదు. ఇక ఆలస్యం చేయకుండా, అసలైన మధ్యగీత తనే తేలుస్తానని టేపు విప్పాడు. ఒక చివర చెల్లెలికిచ్చి తమ్ముడింటి గోడ దగ్గర నిలబెట్టాడు. రెండో చివర తను పట్టుకుని, అంకెలు పైకి చదువుకుంటూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ లాన్‌లోకి వచ్చాడు.

సరిగ్గా అప్పుడు తమ్ముడు ఇంటికొచ్చాడు. చొక్కా నిండా గ్రీజు, చేతిలో పనిముట్ల సంచి. గేటు తీసి, గుంటలు చూశాడు, జెండాలు చూశాడు, సామాను పోగు చూశాడు. టేపు పట్టుకున్న భార్యను, వెనక్కి నడుస్తున్న బావమరిదిని చూశాడు. వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న వదినను చూశాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నేరుగా అన్న దగ్గరికి వెళ్ళి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"విడిపోవాలనుంటే నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా అన్నయ్యా," అన్నాడు మెల్లగా. "నేను కాదంటానా? ఎప్పుడైనా నీ మాట కాదన్నానా?"

కళ్ళద్దాలాయన తాపీ కింద పెట్టాడు. తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరగడం ఆయన చిన్నప్పుడు ఎప్పుడో చూశాడు. మళ్ళీ ఇప్పుడే.

"విడిపోవడమేమిట్రా?" అన్నాడు. "ఎవరు విడిపోతున్నారు?"

తమ్ముడు జవాబు చెప్పేలోగా వాళ్ళ వెనక కర్ర విరిగినట్టు ఒక చప్పుడైంది. తిరిగి చూస్తే లాయరు సగం పొట్టిగా ఉన్నాడు. కుడికాలు మోకాలి దాకా నేలలోకి పోయింది. ఎడమకాలు గడ్డి మీద మడతపడింది. చేతిలో టేపు మాత్రం వదల్లేదు.

కళ్ళద్దాలాయన లేచి పరుగెత్తాడు. లాయరు చెయ్యి చాపాడు. ఆయన ఆ చేతిని పట్టించుకోకుండా, ఆ కాలి పక్కన బోర్లా పడుకుని, గుంటలోకి తొంగిచూసి, పొద్దున్నుంచీ లేని వెలుగు మొహం నిండా నింపుకుని అన్నాడు: "దొరికింది."

మరదలికి ఒళ్ళు మండింది. అన్నయ్య కాలు విరిగి పడుంటే ఈయన సంబరపడుతున్నాడేమిటని టేపు పారేసి పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు బావమరిది చంకల కింద చేతులేసి పైకి లాగాడు. కాలు బయటికి రావడంతోటే, దాని వెనకే గుంటలోంచి మనిషెత్తు నీళ్ళు లేచాయి. లాయరు బూటు వాల్వును విరగ్గొట్టింది. నీళ్ళు మిక్సీ జారులో పడ్డాయి, ఇస్త్రీ పెట్టె మీద పడ్డాయి, దుప్పట్లను నానబెట్టాయి.

"కాలు మళ్ళీ లోపల పెట్టండి," అని అరిచాడు కళ్ళద్దాలాయన.

లాయరు దిక్కుతోచక పెట్టాడు. నీళ్ళు ఆగిపోయాయి. తీశాడు. లేచాయి. పెట్టాడు. ఆగాయి. అప్పుడిక ఎవరూ చెప్పకుండానే ఆయనకు తన స్థితి అర్థమైంది. తమ్ముడు పెద్దరెంచి తీసుకుని, ఇంటి వెనక ఎప్పుడూ ఎవరూ తిప్పని మెయిన్ కుళాయి వెతకడానికి పరుగెత్తాడు. అది తుప్పు పట్టి ఉంది. తిరిగేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ లాయరు కోటుతో సహా లాన్ నడుమ కాలు బిరడాలా పెట్టి నిలబడ్డాడు.

ఆ చాలాసేపట్లోనే మిగతాదంతా తేలిపోయింది. పెద్దావిడ తడిసిన దుప్పటి పిండుతూ, ఇంతకీ ఈ గుంటలెందుకు తవ్వారో ఇప్పుడైనా చెప్పమని మొగుణ్ణి గట్టిగా అడిగింది. ఆయన మరి దాచలేకపోయాడు. తమ్ముడి వైపు నీళ్ళు సరిగ్గా రావడం లేదనీ, ఆ వాల్వు బాగుచేయించి సాయంత్రం అందరికీ చూపిద్దామనుకున్నాననీ, అది ఎక్కడుందో తెలియక పైపు పోయే దారికి జెండాలు గుచ్చాననీ, గుచ్చినవి గుచ్చినట్టు ఉండక ప్రాణం తీశాయనీ చెప్పాడు.

మరదలు తడిగడ్డి మీద అలాగే కూలబడింది. ఒక్కొక్క మాటే వెనక్కి తిప్పి చూసుకుంది. తమ్ముడి వైపు పోయేది కట్ చెయ్యాలన్నది నీళ్ళు. సగం సగమన్నది నీళ్ళు. ఇన్నాళ్ళూ నాకే ఎక్కువ వచ్చిందన్నదీ నీళ్ళే.

"నేను నవ్వులాటకన్నాను బావగారూ," అంది, మొహం ఎత్తకుండా.

"నాకు తెలుసమ్మా. కానీ నవ్వులాటకైనా నిజమే అన్నావుగా. ఆ గడ్డి రోజూ నేనూ చూస్తూనే ఉన్నాను."

ఆమె చేతికందిన గడ్డిపరకను ముక్కలుగా తుంచింది. ఆ తరవాత, జెండాలు జరిపింది తనేనని చెప్పింది. రెండుసార్లు, అని కూడా చెప్పింది.

ఆయన ఆమెను తిట్టలేదు. పెద్ద బరువు దించినట్టు నిట్టూర్చాడు. "నువ్వా? బతికించావు. నేను నా కళ్ళు పోయాయనుకున్నాను. ఉన్న అద్దాలన్నీ మార్చి చూసుకున్నానమ్మా."

అది విని ముందు నవ్వింది పెద్దావిడ. ఆవిడ నవ్వును చూసి మరదలికి నవ్వొచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది. "నీకైనా చెప్పలేదా అక్కా ఈయన," అంది. 'మీరు' మళ్ళీ 'నువ్వు' అయినందుకు పెద్దావిడ తను పిండిన దుప్పటి తెచ్చి ఆమె భుజాల మీద కప్పింది. అది తడిదే.

లాయరు దగ్గాడు. ఇరుపక్షాలూ రాజీకి వచ్చినందుకు తనకు సంతోషమేననీ, అయితే తన కాలు అలాగే ఉందన్న సంగతి కూడా ఎవరైనా పరిశీలించాలనీ అన్నాడు. ఇంతలో వెనకనుంచి తమ్ముడు కుళాయి తిరిగిందని కేకేశాడు. ఇద్దరు అన్నదమ్ములూ చెరో పక్కా పట్టి ఆయన్ను పైకి తీశారు. కాలు వచ్చింది. బూటు రాలేదు. చీలమండ అప్పటికే చిన్న గుమ్మడికాయంత వాచింది. రాత్రికి ఆయన ఎక్కడికీ కదలలేదు.

తడి సామానంతా ఇళ్ళలోకి చేర్చేటప్పుడు ఏది ఎవరిదన్న తర్జనభర్జన ఎవరూ పెట్టుకోలేదు. ఎవరి చేతికి దగ్గరగా ఏది ఉంటే వాళ్ళు దాన్ని తీసుకుపోయారు. దాంతో మిక్సీ ఒక ఇంట్లో, దాని జారు ఇంకో ఇంట్లో, అలా అన్నీ మళ్ళీ పాత పద్ధతికే వచ్చేశాయి. గుంటల్ని అన్నదమ్ములిద్దరూ కలిసి పూడ్చారు.  చివరి గుంట దగ్గర తమ్ముడు, ఇక మీదట ఏం తవ్వినా తనకు చెప్పి తవ్వమన్నాడు. అన్న సరేనన్నాడు.

మర్నాడు పైపుల షాపాయన పంపిన మెకానిక్కు వచ్చాడు. బాక్సులో చెయ్యి పెట్టి, ముందు బురదలోంచి నల్లబూటు తీసి పక్కన పెట్టాడు. తరవాత విరిగిన వాల్వు తీసి కొత్తది వేశాడు; తమ్ముడి వైపు వాల్వులో ఇరుక్కున్న రాయిని కూడా తీసేశాడు. నీళ్ళు వదిలితే రెండు వైపులా ఒకే ఎత్తున జల్లు లేచింది. మరదలు అరచేతులు చాపి ఆ జల్లులో నిలబడింది. కళ్ళద్దాలాయన అద్దాల మీద తుంపర పడి ఏమీ కనబడకపోయినా తుడుచుకోలేదు.

మెకానిక్కు సంచి సర్దుకుంటూ, మూత మీద ఇంత గడ్డి మొలిచిన బాక్సును ఎవరు పట్టుకున్నారో గానీ మామూలు పని కాదన్నాడు. తమకు రోజంతా పట్టేదట. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి వరండా వైపు చూపించారు. అక్కడ లాయరు స్టూలు మీద కట్టు కట్టిన కాలు చాపుకుని పేపరు చదువుతున్నాడు.

మెకానిక్కు ఆయన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి కళ్ళద్దాలాయన్ను అడిగాడు: "రేపు ఇంకో ఇంట్లో వెతకాలి సార్, ఆయన రెండో కాలు ఖాళీయేనా?"